తాడుకు రెండో కొసన

స్విట్జర్లాండ్ యాత్రకు వెళ్లిన తెలుగువారిలో యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ చూడకుండా వెనక్కొచ్చేవారు అరుదు. 3,454 మీటర్ల ఎత్తున ఉన్న ఆ స్టేషన్‌కు 1912 నుంచి రైలు నడుస్తోంది. మంచులో ఫొటోలు దిగి వణుకుతూ లోపలికొచ్చే భారతీయుల కోసం అక్కడ ‘బాలీవుడ్’ పేరుతో ఓ రెస్టారెంటే వెలిసింది. కానీ ఆ రైలు సొరంగంలో ఏ కొండ కడుపులోంచి వెళ్తోందన్నది చాలామందికి పట్టదు. ఆ కొండ ఐగర్. ఎత్తు 3,967 మీటర్లు. సొరంగం గోడకు అవతల ఉన్నది దాని ఉత్తర ముఖం. అడుగు నుంచి శిఖరం దాకా దాదాపు 1,800 మీటర్లు లేచిన సున్నపురాయి, దాన్ని పట్టుకుని వేలాడే మంచు.

శీతాకాలం చివర్లో వాతావరణం కుదిరిన రోజున, బోగీలో వెచ్చగా కునుకు తీసే ప్రయాణికులకు ఎంతో దూరం లేనిచోట ఇద్దరు మనుషులు ఒకే తాడు రెండు కొసలకూ కట్టుకుని, బూట్ల ముందుకు పొడుచుకొచ్చిన ఉక్కు ములుకుల మీద నిలబడి ఉంటారు. ఒకరు గైడ్. రెండోవారు ఆయనకు రుసుము చెల్లించి వెంట వచ్చిన క్లయింట్. ఊళ్లో ఆయన పళ్ల డాక్టరు కావచ్చు, బ్యాంకు ఉద్యోగి కావచ్చు.

ఈ రెండో మనిషంటే పర్వతారోహకుల లోకంలో మొదటినుంచీ ఒక ఈసడింపు. డబ్బు పారేసి కొండ కొనుక్కున్నాడని, ఎవరో లాక్కెళితే ఎక్కాడని. 2019 మే 22న ఎవరెస్ట్ శిఖరం కింద జనం బారులు తీరిన దృశ్యాన్ని నిర్మల్ పూర్జా కెమెరాలో బంధించాక ఆ ఈసడింపుకు ఇంకా బలం చేకూరింది. గైడ్‌తో ఎక్కడమంటేనే పర్యాటకం అన్నట్టు మాట్లాడేవారు ఎక్కువయ్యారు. ఎవరెస్ట్ క్యూను, ఆల్ప్స్ ఉత్తర ముఖాల మీద గైడ్ వెంట సాగే మంచు ఆరోహణను ఒకే గాటన కట్టేయడం మాత్రం అన్యాయం. పని తీరు తెలియక చేసే అన్యాయం.

ఎవరెస్ట్ మామూలు దారిలో షెర్పాలు ముందే వెళ్లి కింది నుంచి శిఖరం దాకా తాళ్లు బిగించి వస్తారు. తర్వాత వచ్చేవారు జుమార్ అనే పట్టును ఆ తాడుకు తగిలించుకుని, దాన్ని పైకి జరుపుకుంటూ ఎక్కుతారు. అది తేలికేమీ కాదు. ఆ ఎత్తులో అడుగు తీసి అడుగు వేయడమే యాతన. అయినా అక్కడ క్లయింట్ చెయ్యి జారితే ప్రమాదం ముఖ్యంగా క్లయింట్‌కే. ఐగర్, లె ద్రొయిత్, గ్రాండ్ జొరాస్ వంటి పర్వతాల ఉత్తర ముఖాల మీద లెక్క తిరగబడుతుంది. గైడ్ ముందు ఎక్కుతాడు. ఆయనకు పైనుంచి ఏ తాడూ ఉండదు. కింద నిలబడి ఆయన తాడు పట్టుకునేది క్లయింటే. గైడ్ పడితే ఆపవలసింది ఆ పళ్ల డాక్టరు చేతులే.

ఆ పని ఎలా ఉంటుందో కాస్త దగ్గరికి వెళ్లి చూడాలి. తాడు పొడవు 50 లేదా 60 మీటర్లు. గైడ్ చెరో చేతిలో ఒక ఐస్ యాక్స్‌తో, మణికట్టు విసురుతో మొనను మంచులో దింపుతాడు. తర్వాత బూట్లకు బిగించిన క్రాంపాన్ల ముందు ములుకులను తన్ని నిలబడతాడు. మడమ పైకి లేవకూడదు. లేస్తే ములుకు ఊడిపోతుంది, పిక్కలు కూడా పది నిమిషాల్లో మండిపోతాయి. ఎండకు కరిగి, రాత్రి చలికి బిగిసి గట్టిపడిన తెల్లటి మంచైతే అదృష్టం. ఒక్క వేటుకే మొన మెత్తగా దిగి బిగుసుకుంటుంది. మంచు పడని సీజన్లో పైపొర పోయి అడుగున ఉన్న పాత నల్లమంచు బయటపడితే మాత్రం ఒక్కో అడుగుకు మూడు నాలుగు వేట్లు వేయాలి. చలి బాగా ముదిరినప్పుడు దెబ్బ పడినచోట పళ్లెమంత పెచ్చు ఊడి కిందికి జారుతుంది. దాని దారిలో క్లయింట్ ఉండకూడదు. అందుకే నిలబడే చోటును గైడ్ దారికి కొంచెం పక్కగా ఎంచుకుంటారు. తెలిసిన క్లయింట్ పైకి చూడడు. హెల్మెట్ ముందుకు వంచి, భుజాలు ముడుచుకుని, చేతుల్లో కదిలే తాడును బట్టే పైన ఏం జరుగుతోందో కనిపెడతాడు.

కొన్ని మీటర్లకొకసారి గైడ్ ఆగి మంచులోకి ఒక స్క్రూ తిప్పుతాడు. అది బోలు గొట్టం. చివర పళ్లుంటాయి, ఒంటి చుట్టూ మర ఉంటుంది. తిప్పుతుంటే మంచు పొడి గొట్టంలోంచి బయటికి వస్తుంది. పొడి ఆగకుండా గట్టిగా వస్తే మంచు మంచిదని అర్థం. మధ్యలో స్క్రూ ఒక్కసారిగా వదులైతే లోపల గాలి ఉందన్నమాట. తాడును దానికి తగిలించి మళ్లీ కదులుతాడు. చివరి స్క్రూ దాటి 8 మీటర్లు ఎక్కాక కాలు జారితే 16 మీటర్లు పడతాడు. తాడు సాగేది, కింద చేతుల్లో వదులుగా ఉన్నది అదనం. క్లయింట్ తాడు బిగువుగా పట్టుకుంటే పైనున్న మనిషిని వెనక్కి లాగినట్టు. మరీ వదిలేస్తే ఆయన పడే దూరం పెంచినట్టు. తిమ్మిరెక్కిన వేళ్లతో, గడ్డకట్టి ఊచలా బిర్రబిగిసిన తాడుతో, గంటకు పైగా ఒకేచోట నిలబడి ఆ రెండింటికీ మధ్యన తూకం నిలబెట్టాలి.

తర్వాత వంతు క్లయింట్‌ది. పైనుంచి గైడ్ తాడు లాగుతుంటే ఎక్కడం కొంత ధైర్యంగానే ఉంటుంది. కానీ దారిలో ఉన్న ప్రతి స్క్రూనూ మందపాటి గ్లోవ్స్‌తోనే ఊడదీసి నడుముకు తగిలించుకోవాలి. ఒక్కటి జారవిడిచినా పై మెట్టులో గైడ్‌కు ఆ మేరకు రక్షణ తగ్గుతుంది. తలకు పైన ఎత్తి ఉంచిన చేతుల్లోంచి నెత్తురు దిగిపోయి, కొద్దిసేపటికి తిరిగి వేళ్లలోకి వచ్చేటప్పుడు కలిగే నొప్పికి గట్టి మనుషులు కూడా ఏడుస్తారు, కొందరికి వాంతి వస్తుంది. గైడ్ ఆ రెండు నిమిషాలూ ఏమీ మాట్లాడడు. రోజులో ఇలాంటి తాడు పొడవులు ఇరవై ముప్ఫై ఉండొచ్చు.

ఇంత చేసిన మనిషిని ‘సామాను’ అని ఎవరైనా అంటే ఆ అన్నవారు తాడు కట్టుకుని ఎరుగరనే అనుకోవాలి.

ఈ మాటకు ఐగర్ చరిత్రలోనే సాక్ష్యం ఉంది. ఆ ఉత్తర ముఖాన్ని మొదట ఎక్కింది 1938 జూలై 21 నుంచి 24 మధ్య. జర్మన్లు ఆండెర్ల్ హెక్‌మైర్, లుడ్విగ్ ఫోర్గ్, ఆస్ట్రియన్లు ఫ్రిట్జ్ కాస్పారెక్, హైన్రిక్ హారర్. రెండు జట్లూ వేర్వేరుగా బయల్దేరి గోడ మీద కలిశాయి. హారర్‌కు క్రాంపాన్లే లేవు, మేకుల బూట్లతో వచ్చాడు. కాబట్టి ఆ జట్టు మంచులో మెట్లు చెక్కుకుంటూ పోయింది. హెక్‌మైర్, ఫోర్గ్‌ల కాళ్లకు ముందు ములుకులున్న పన్నెండు పళ్ల కొత్త క్రాంపాన్లున్నాయి. ఆలస్యంగా బయల్దేరినా వారు రెండో మంచు మైదానంలోనే వీరిని అందుకున్నారు. ఇటలీకి చెందిన లోరాన్ గ్రివెల్ 1929లో ఆ ముందు ములుకులు జోడించి ఉండకపోతే ఉత్తర ముఖాల కథ ఇంకోలా నడిచేది.

ఆ తాళ్లకు ముందు నడిచిన హెక్‌మైర్ వృత్తిరీత్యా గైడ్. శిఖరానికి దగ్గర్లో, ‘తెల్ల సాలీడు’ అనే మంచు పట్టీ పైనున్న చీలికల్లో ఆయన జారాడు. కింద ఉన్న ఫోర్గ్ చేతులు అడ్డుపెట్టి ఆపాడు. హెక్‌మైర్ క్రాంపాన్ ములుకు ఒకటి ఫోర్గ్ అరచేతిలో దిగబడింది. గాయానికి కట్టు కట్టి, గ్రిండెల్‌వాల్డ్‌లో ఒక డాక్టరు ఇచ్చిన గుండె చుక్కల మందు సగం ఫోర్గ్‌కు పోసి, మిగతా సగం తానే తాగేశానని హెక్‌మైర్ తర్వాత చెప్పుకున్నాడు. ఆ నలుగురూ కిందికి దిగగానే నాజీ ప్రభుత్వం వారిని హిట్లర్ పక్కన నిలబెట్టి ఫొటోలు తీయించింది. ఫొటోల్లో జెండాకు దక్కిన చోటు ఫోర్గ్ అరచేతికి దక్కలేదు. మూడేళ్లకే యుద్ధంలో అతను చనిపోయాడు.

రెండో కొస బలహీనమైతే ఏమవుతుందో చెప్పడానికి ఇంకా వెనక్కి, 1865 జూలై 14కు వెళ్లాలి. మేటర్‌హార్న్ శిఖరాన్ని మొదటిసారి చేరిన ఏడుగురు దిగుతున్నారు. అందరూ ఒకే వరసలో తాళ్లతో కట్టుకున్నారు. అనుభవం లేని పంతొమ్మిదేళ్ల కుర్రాడు హాడో అడుగడుక్కీ తడబడుతుంటే, షామొని గైడ్ మిషెల్ క్రోజ్ తన గొడ్డలి పక్కన పెట్టి ఆ కుర్రాడి పాదాలను ఒక్కొక్కటిగా రాతి పట్టుల్లో పెడుతున్నాడు. హాడో జారి క్రోజ్ మీద పడ్డాడు. ఇద్దరి బరువు అదే వరసలో ఉన్న హడ్సన్‌ను, డగ్లస్‌ను లాగేసింది. డగ్లస్‌కూ గైడ్ పెద్ద టౌగ్‌వాల్డర్‌కూ మధ్య ఉన్న తాడు తెగింది. ఉన్న తాళ్లలో అదే నాసిరకం. నలుగురు పోయారు, ముగ్గురు మిగిలారు. తన ప్రాణం కోసం తాడు కోశాడన్న నింద టౌగ్‌వాల్డర్ మీద పడింది. విచారణలో తప్పు లేదని తేలినా ఆయన బతికినంత కాలం ఆ నీడ వదల్లేదు. సరిపోని మనిషిని పైకి రానిచ్చిన నిర్ణయం ఎవరిదన్న ప్రశ్న మాత్రం ఎవరూ గట్టిగా అడగలేదు.

ఇప్పటి ఆల్ప్స్ గైడ్లు ఆ ప్రశ్న ముందే అడుగుతున్నారు. పెద్ద ఉత్తర ముఖాల మీద ఒక గైడ్‌కు ఒకే క్లయింట్ అన్నది రివాజు. ఫోన్ చేసి డబ్బు కట్టేస్తే ఐగర్ తీసుకెళ్లరు. ముందు చిన్న దారుల్లో కొన్ని రోజులు కలిసి ఎక్కుతారు. ఆ రోజుల్లో గైడ్ చూసేది బలం ఒక్కటే అనుకుంటే పొరపాటు. అలసిపోయినప్పుడు ముడి ఎలా వేస్తున్నాడు, భయపడినప్పుడు చెప్తున్నాడా, దాచుకుంటున్నాడా అన్నది చూస్తారు. చాలామంది క్లయింట్లు ఒకే గైడ్‌తో ఏళ్ల తరబడి తిరిగాకే పెద్ద గోడ మాటెత్తుతారు. కొన్ని వేల స్విస్ ఫ్రాంకుల ఖర్చు. సంపన్నుల సరదా అన్న విమర్శలో ఆ మేరకు నిజం ఉంది, కాదనలేం. అయితే ఎంత డబ్బున్నా ఆ పరీక్షలో తప్పితే గైడ్ తాడు కట్టడు. డబ్బుతో పాటు అర్హత కూడా చూసే వ్యాపారాలు లోకంలో ఎన్ని ఉన్నాయి?

గైడ్ అర్హత సంగతీ అంతే గట్టిగా ఉంటుంది. 1820లో మోబ్లాంక్ మీద హిమపాతంలో ముగ్గురు గైడ్లు చనిపోయాక, ఆ మరుసటి ఏడాదే షామొనిలో గైడ్ల సంఘం పుట్టింది. ప్రపంచంలో అదే మొదటిది. స్విట్జర్లాండ్‌లో 1999 జూలైలో సాక్సెట్ వాగులో వరద ముంచెత్తి సాహస యాత్రకు వెళ్లిన 21 మంది బలయ్యాక, గైడ్లకూ ప్రమాదకర క్రీడలకూ కలిపి ప్రత్యేక చట్టం తెచ్చారు. 2014 జనవరి 1 నుంచి అది అమల్లో ఉంది. లైసెన్సు, బీమా లేకుండా డబ్బు తీసుకుని మనిషిని మంచు మీదికి తీసుకెళ్లడం అక్కడ నేరం.

గైడ్ ఎంత గొప్పవాడైనా కొండ మారిపోతుంటే ఏం చేస్తాడు? 1938లో ఐగర్‌ను జూలైలో ఎక్కారు. ఇవాళ జూలైలో అక్కడికి వెళ్లమంటే గైడ్ దండం పెడతాడు. రాళ్లను పట్టి ఉంచే మంచు కరిగి వేసవిలో గోడ రాళ్లు కురిపిస్తోంది. అందుకే ఆరోహణలు శరదృతువుకు, శీతాకాలానికి, వసంతం మొదలుకు జరిగిపోయాయి. 2022 జూలై 25న స్విట్జర్లాండ్ ఆకాశంలో సున్నా డిగ్రీల రేఖ 5,184 మీటర్లకు చేరింది. ఆల్ప్స్‌లో అన్నిటికన్నా ఎత్తయిన మోబ్లాంక్ కూడా 4,800 మీటర్ల పైచిలుకే. అంటే ఆ రోజున ఆల్ప్స్‌లో గడ్డకట్టే చలి ఉన్న శిఖరమే లేదు. మరుసటి ఏడాది ఆగస్టులో ఆ రేఖ 5,298 మీటర్లకు వెళ్లింది. ఆ రెండేళ్లలోనే స్విస్ హిమనదాల మంచులో పదో వంతు పోయింది. ఇటలీలో మర్మొలాడా హిమనదం ముక్క విరిగిపడి 11 మంది మరణించిందీ 2022 జూలైలోనే.

గైడ్ గాస్టన్ రెబుఫా 1973లో మోబ్లాంక్ ప్రాంతంలోని వంద అందమైన దారులను ఒక పుస్తకంలో పొందుపరిచాడు. ఆల్ప్స్‌లోని ఆరు మహా ఉత్తర ముఖాలనూ మొదటగా పూర్తి చేసిన మనిషి ఆయన. ఆ వందలో 95 దారులను పరిశోధకులు మళ్లీ పరిశీలించి 2019లో ఫలితాలు ప్రచురించారు. 93 మారిపోయాయి. 26 దారులు బాగా దెబ్బతిన్నాయి. మూడు అసలు లేకుండా పోయాయి. తాత నుంచి మనవడికి నోటిమాటగా దక్కిన దారి జ్ఞానం ఒక తరంలో పాతబడిపోతే గైడ్ బతుకు ఏమవుతుందో ఆలోచించండి. పాత పుస్తకంలో ‘సులువైన మంచు వాలు’ అని ఉన్నచోట ఇవాళ వదులు రాళ్ల గుట్ట ఉంటుంది.

ఇలాంటి కాలంలో గైడ్ నోట వచ్చే ‘వద్దు’ అన్న మాటకే విలువ పెరగాలి. 2022 వేసవిలో మేటర్‌హార్న్, మోబ్లాంక్ మామూలు దారుల్లో స్విస్, ఇటలీ, ఫ్రాన్స్ గైడ్లు తమంతట తాము యాత్రలు ఆపేశారు. సీజన్ నడిమధ్యలో, రోజు కూలి లెక్కన బతికే మనుషులు. గైడ్లు వద్దన్నా మోబ్లాంక్‌కు వెళ్లేవారి మీద కోపంతో సెయింట్ జెర్వే మేయర్ 15,000 యూరోల డిపాజిట్ కట్టమన్నాడు. అందులో 10,000 రక్షణ చర్యలకు, 5,000 అంత్యక్రియలకు అని విడగొట్టి మరీ చెప్పాడు. అది చట్టంగా నిలిచేది కాదు, ఆయన మాట మొరటుగానే ఉంది. కానీ కొండ మూసేశామని గైడ్ల సంఘం చెప్పాక కూడా బ్యాగు సర్దుకునేవారికి మెత్తటి మాట ఎక్కుతుందా అన్నదీ అనుమానమే.

రోజు కూలి అన్నచోటే అసలు చిక్కు ఉంది. శిఖరం చేరితేనే బోనస్, చేరకపోతే డబ్బు వాపసు అన్న ఒప్పందం చేసుకున్న గైడ్ మబ్బు చూసి ఏం నిర్ణయిస్తాడు? ఆల్ప్స్‌లో పేరున్న గైడ్లు ఈ మెలిక ముందే తీసేశారు. రోజు మొదలయ్యాక తిరుగుబాట పట్టినా రుసుము రుసుమే. వెనక్కి తిరగాలా వద్దా అన్నది గైడ్ మాటే. క్లయింట్‌కు ఇది మింగుడు పడదు. సెలవు పెట్టి, ఏడాది శిక్షణ తీసుకుని, విమానమెక్కి వచ్చి, మూడో మెట్టు నుంచే దిగిపోయి పూర్తి డబ్బు కట్టడం ఎవరికి ఇష్టం? అయినా ఆ రోజు ఆయన కొన్నది సరిగ్గా ఆ నిర్ణయాన్నే. దిగేటప్పుడు మంచులోకి రెండు స్క్రూ రంధ్రాలు లోపల కలిసేలా తొలిచి, వాటిలోంచి తాడు ముక్క దూర్చి, దాని ఆధారంగా జారతారు. రష్యన్ ఆరోహకుడు అబలాకోవ్ పేరిట ప్రసిద్ధమైన పద్ధతి అది. ఆ తాడు ముక్క గోడలోనే మిగిలిపోతుంది. ఉత్తర ముఖాల అడుగు భాగంలో అలాంటి ముక్కలు బోలెడు కనిపిస్తాయి. వాటిలో ప్రతి ఒక్కటీ ఎవరో బతికి దిగిన ఆనవాలు.

ఈ సంప్రదాయానికీ మనకూ ఓ బంధుత్వం ఉంది. 1936 జూలైలో ఐగర్ మీద నలుగురు యువకులు చిక్కుకున్నారు. వెళ్లేటప్పుడు ఒక జారుడు పలక అడ్డంగా దాటి తాడు తీసేసుకోవడంతో తిరుగుదారి మూసుకుపోయింది. ముగ్గురు పోయారు. టోనీ కుర్జ్ ఒక్కడే రాత్రంతా తాడుకు వేలాడాడు. రైలు సొరంగం కిటికీలోంచి బయటికొచ్చిన స్విస్ గైడ్లు అతనికి తాళ్లు అందించగలిగారు. ఒక తాడు పొడవు చాలక రెండు ముడివేశారు. గైడ్లకు కొద్ది మీటర్ల పైన ఆ ముడి అతని నడుము దగ్గర కారబైనర్ కొక్కెంలో ఇరుక్కుంది. ఒక చెయ్యి గడ్డకట్టిపోయిన మనిషి దాన్ని దాటించలేక అక్కడే ప్రాణం వదిలాడు. ఆ కింద నిలబడి చూసిన గైడ్లలో ఒకరు ఆర్నాల్డ్ గ్లాట్‌హార్డ్. తర్వాత ఆయనే రోజెన్‌లౌయిలో పర్వతారోహణ పాఠశాల పెట్టారు. ఎవరెస్ట్ ఎక్కిన మరుసటి ఏడాది, 1954లో, టెన్జింగ్ నార్గేతో పాటు ఆరుగురు షెర్పాలు బోధన నేర్చుకోవడానికి వెళ్లింది ఆయన దగ్గరికే. ఆ ఏడాది నవంబరులో డార్జిలింగ్‌లో హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది.

అరవై ఏళ్ల తర్వాత, భువనగిరి కోట బండ మీద తాడు పట్టడం నేర్చుకుని అదే డార్జిలింగ్ సంస్థలో శిక్షణ పొందారు మన సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్. 2014 మే 25న టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్ చేరేనాటికి పూర్ణకు ఇంకా పద్నాలుగేళ్లు నిండలేదు. ఆ విజయం వెనక శిక్షకులున్నారు, షెర్పాలున్నారు, టోనీ కుర్జ్ ముడి దగ్గర నేర్చుకున్న పాఠం చేతులు మారుతూ వచ్చిన దారి ఉంది.

ఆ తర్వాత తెలుగు రాష్ట్రాల్లో పర్వతారోహణకు ఊపొచ్చింది. సంతోషమే. దాంతో పాటు ఒక అలవాటూ వచ్చింది. కిలిమంజారో అయినా, ఎల్బ్రుస్ అయినా, వార్తకు కావలసింది శిఖరం మీద జెండా పట్టుకున్న ఫొటో, దాత పేరున్న బ్యానర్, ‘అతి పిన్న వయసు’ అన్న మాట. శిఖరం చేరకపోతే వార్త లేదు. వార్త లేకపోతే వచ్చే ఏడాది దాత లేడు. పిల్ల తల్లిదండ్రులు అప్పు చేసి పంపిన సందర్భంలో వెనక్కి తిరగమని చెప్పే గైడ్ మీద ఎంత బరువు పెడుతున్నామో ఒక్కసారి ఊహించుకోవాలి. 2022 అక్టోబరు 4న ఉత్తరాఖండ్‌లో ద్రౌపదీ కా డండా-2 మీద శిక్షణ బృందాన్ని హిమపాతం కమ్మేసి 29 మంది బలయ్యారు. వారిలో ఆ ఏడాదే ఎవరెస్ట్, మకాలు ఎక్కి వచ్చిన శిక్షకురాలు సవితా కన్స్వాల్ కూడా ఉన్నారు. నిష్ణాతులు ఉన్నా కొండ కొండే. అలాంటిచోట గైడ్ తీర్పును డబ్బుతోనో, ప్రచారంతోనో వంచే పని ఎవరూ చేయకూడదు.

కాబట్టి పిల్లలనూ యువకులనూ కొండలకు పంపే ప్రభుత్వ శాఖలు, దాతలు ఒప్పందంలో ఒక వాక్యం చేర్చాలి: వాతావరణం వల్లగానీ ఆరోగ్యం వల్లగానీ గైడ్ వెనక్కి తిప్పితే గైడ్‌కు పూర్తి రుసుము, అభ్యర్థికి మరుసటి ఏడాది మరో అవకాశం. డబ్బు మంజూరు చేసే ముందు బేసిక్ సర్టిఫికెట్ చూసి సరిపెట్టుకోకుండా, గైడ్ అర్హత ఏమిటో, ఒక్కొక్కరికి ఎంతమందిని అప్పజెబుతున్నారో రాతపూర్వకంగా అడగాలి. ఇక పత్రికల వంతు. పర్వతారోహణ వార్త వేసేటప్పుడు ఎక్కినవారి పేరు పక్కన తాడు పట్టిన గైడ్ పేరు, షెర్పా పేరు కూడా వేయండి. శిఖరానికి రెండొందల మీటర్ల కింద నుంచి తిరిగొచ్చిన జట్టుకూ ఒక కాలమ్ ఇవ్వండి.